మంచి రైతే మంచి నాయకుడా?

మీ ఊళ్లో అందరికంటే బాగా చేను చేసేది ఎవరని అడిగితే చిన్నపిల్లవాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. ఫలానా ఆయన మిరప చూడండి, ఫలానా ఆయన వరి చూడండి అంటాడు. మరి పదిమందిని ఒక మాట మీద నడిపించేది ఎవరు? ఇలా అడిగితే మాత్రం కాసేపు తల గోక్కోవాలి. చివరికి మనలో చాలామంది ఆ మొదటి పేరే మళ్లీ చెబుతాం. చేను బాగా చేసేవాడు సంఘాన్ని కూడా బాగా చేస్తాడని మన లెక్క.

ఈ లెక్క తప్పు. ఊరికే అనడం లేదు. ఒకప్పుడు నేనూ ఇదే తప్పు చేశాను. దాని ఖరీదు మా ఇంటి పంట.

మా తూము కథ

ఇరవై ఏళ్ల కిందటి మాట. నాగార్జునసాగర్ కుడికాలువ కింద మా పొలం. మేజరు చివర మైనరు, మైనరు చివర తూము. ఆ తూము కింద 60 ఎకరాలు, 42 మంది రైతులు. ఆ 42 మందిలోనూ చివర మాది, ఎకరన్నర. పైవాళ్ల తడులు అయ్యాక ఏమన్నా మిగిలితే మాకు. మిగలకపోతే మబ్బు వంక చూడటమే.

ఆ ఏడు తూము కింద రైతులమంతా వేపచెట్టు కింద కూర్చున్నాం. నీళ్ల తగువులు పడలేక సొంతంగా ఒక కమిటీ వేసుకుందామన్నారు. పెద్దగా ఎవరిని పెట్టుకుందాం అంటే రెండో మాట లేకుండా అందరం ఒకే పేరు చెప్పాం. ఆయన పేరు ఇక్కడ రాయను. మిరప చేయడంలో మా చుట్టుపక్కల ఆయనకు సాటి లేరు. ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని మాకు నేర్పింది ఆయనే. మట్టి పిడికిట్లో పట్టి చూసి ఇవాళ తడి పెట్టాలో, ఇంకో రెండు రోజులు ఆగాలో చెప్పేవాడు. మాకు ఎకరాకు పదిహేను క్వింటాళ్లు వస్తే ఆయనకు పాతిక వచ్చేవి. అంత పనిమంతుడు ఉండగా ఇంకొకరి పేరు ఎందుకు? నేనూ చెయ్యెత్తాను.

జరిగిందేమిటి? పాపం, ఆయన అన్ని పనులూ తన నెత్తినే వేసుకున్నాడు. రాత్రి తూము దగ్గర కాపలా ఆయనే. బోదెకు గండి పడితే పార పట్టుకుని పోయేదీ ఆయనే. లస్కరుతో మాట్లాడేదీ ఆయనే. ఎవరైనా ఒక మాట చెప్పబోతే "నీకేం తెలుసురా, ముందు నీ చేను సంగతి చూసుకో" అనేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు, మా చేల సంగతి అలాగే ఉంది. అయినా నలుగురిలో అనిపించుకున్నవాడు మళ్లీ నోరు తెరవడు, మీటింగుకు రాడు.

పై మడుల వాళ్లు ఇద్దరు రాత్రిళ్లు బోదెకు అడ్డం వేస్తున్నారని తెలిసింది. ఆయన పోయి అడ్డాలు పీకి, టీ కొట్టు దగ్గర అందరి ముందూ తిట్టాడు. మర్నాటి రాత్రికి అడ్డాలు నాలుగయ్యాయి. మూడో మీటింగుకు వచ్చింది ఏడుగురు. సంక్రాంతి నాటికి చివరి పదిహేను ఎకరాల్లో మిరప నిలువునా వాడిపోయింది. అందులో మాదీ ఉంది. కమిటీ పని మీద తిరుగుతూ ఆయన తన చేను వంక చూడలేదు. జీవితంలో మొదటిసారి ఆయన చేను కూడా మా చేల మాదిరే అయింది.

ఆ వేసవిలో గట్టు మీద కూర్చుని ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మొక్క నా మాట ఇంటది. మనిషి ఇనడు. ఈ పని నాది కాదురా అబ్బాయ్."

తప్పు ఆయనది కాదు. ఆయన చేతకాని పనేదీ కావాలని అడగలేదు. చెయ్యెత్తిన మాది.

మరుసటి ఏడు

తరవాతి ఏడు బాధ్యత తీసుకున్నాయన ఎకరం ముప్పావు రైతు. బోదెకు నడిమధ్యన ఆయన చేను. దిగుబడి మాకు వచ్చినంతే. మందు ఏది కొట్టాలో తెలియక పక్కవాణ్ని అడిగే మనిషి. అలాంటివాణ్ని పెడితే ఏమవుతుందని కొందరు మూతి విరిచారు.

ఆయన చేసిన మొదటి పని మీటింగు పెట్టడం కాదు. పై మడుల రైతులను ఒక్కొక్కరినే కలిసి, ఒక పొద్దున అందరినీ వెంటబెట్టుకుని బోదె వెంట చివరిదాకా నడిపించాడు. ఎవరినీ ఏమీ అనలేదు. నెర్రెలు విచ్చిన మా చేలో నిలబెట్టి, "మన చేనుకు తడి పెట్టేటప్పుడు ఇది మనకు కనపడదు. అందుకని తీసుకొచ్చా" అన్నాడు. అంతే. ఏళ్ల తరబడి ఒకే బోదె నీళ్లు వాడుకుంటున్న ఆ పెద్దమనుషుల్లో సగం మంది మా చేలో కాలు పెట్టడం అదే మొదలు.

రెండో పని ఇంకా ముఖ్యం. నేరుగా ఆ పాత పెద్దాయన ఇంటికి పోయాడు. "మావా, ఎవరికి ఎంతసేపు పారాలో లెక్క నువ్వు కట్టు. నీకంటే తెలిసినవాడు లేడు. ఆ లెక్క ప్రకారం పారించే పూచీ నాది" అన్నాడు.

పెద్దాయన కట్టిన లెక్క ఇదీ. ఒక క్యూసెక్కు నీరు గంటసేపు పారితే ఎకరంలో సుమారు అంగుళం ఎత్తు నిలుస్తుంది. మా తూము నుంచి వచ్చేది ఇంచుమించు అంతే. వారానికి 168 గంటలు. బోదె ఖాళీగా ఉన్నప్పుడు నీరు చివరిదాకా చేరడానికే 6 గంటలు పోతుంది. మిగిలింది 162. దాన్ని 60 ఎకరాలకు పంచితే ఎకరాకు 2 గంటల 42 నిమిషాలు. మా ఎకరన్నరకు నాలుగు గంటల పైచిలుకు. వంతు చివరి చేనుతో మొదలుపెట్టి పైకి రావాలి. అప్పుడు బోదె ఒక్కసారి నిండితే చాలు. కాపలా కూడా తేలిక. పైవాడు తన వంతు ఎప్పుడొస్తుందా అని తనే కనిపెట్టుకుని ఉంటాడు.

ఆ లెక్క మేం ఎవరం కట్టలేం. పెద్దాయన పనితనం అది. కానీ అదే లెక్క కిందటి ఏడు ఆయన చెబితే ఎవరూ వినలేదు! ఈ ఏడు విన్నారు. ఎందుకని? ఈయన కాగితం రాసి రామాలయం గోడకు అంటించాడు. ఎవరి గంటలు ఎన్నో అందరికీ కనపడ్డాయి. నీళ్లు తక్కువై వంతు కోయాల్సి వస్తే ముందు తన వంతే కోస్తానని అందరి ముందూ చెప్పాడు, చెప్పినట్టు చేశాడు. తప్పు చేసినవాణ్ని టీ కొట్టు దగ్గర తిట్టలేదు. ఇంటికి పోయి, మంచం మీద కూర్చుని మాట్లాడాడు.

ఆ ఏడు మా పంట బ్రహ్మాండంగా పండిందని చెప్పను. పైనుంచే నీరు తగ్గి రెండు వంతులు తప్పాయి. కానీ ఆ రెండు వంతులూ 42 మందికీ తప్పాయి, చివరి పదిహేను ఎకరాలకే కాదు. పోలీసు స్టేషను మెట్లు ఎవరూ ఎక్కలేదు. మా చేను నిలబడింది.

తేడా ఎక్కడుంది?

పనిమంతుడి చూపు పని మీద ఉంటుంది. ఆ పని ఎలా బాగా రావాలా అన్నదే ఆయన తపన. అది గొప్ప గుణం. అలాంటివాళ్లు లేకపోతే ఊళ్లో కొత్త పంట రాదు, కొత్త పద్ధతి రాదు. నాయకుడి చూపు మనుషుల మీద ఉంటుంది. ఎవరు రాలేదు, ఎవరు అలిగారు, ఎవరికి అందలేదు అన్నది ఆయన తపన.

పనిమంతుడు తన చేతులతో చేసి చూపిస్తాడు. నాయకుడు పదిమంది చేతులు కలిసేలా చూస్తాడు. మొదటిది కాటా మీద తూచవచ్చు, క్వింటాళ్లలో తెలుస్తుంది. రెండోది తూచాలంటే మీ సంఘంలో అందరికంటే బక్క రైతు దగ్గరికి పోవాలి. అతనికి విత్తనం అందిందా? నీరు అందిందా? లెక్క తెలిసిందా? నాయకత్వానికి ఇదే కాటా.

ఇంకో మాట కూడా చెప్పాలి. గొంతు పెద్దదైనవాడు, మండలాఫీసులో నలుగురు తెలిసినవాడు, మోటారుసైకిలు మీద తిరిగేవాడు నాయకుడని కూడా అనుకోవద్దు. పనిమంతుణ్ని నాయకుణ్ని చేస్తే పని చెడుతుంది. నోరున్నవాణ్ని చేస్తే డబ్బు కూడా పోతుంది.

ఆనంద్‌లో ఇద్దరు

పాల సహకారం అనగానే మనకు గుర్తొచ్చే పేరు వర్గీస్ కురియన్. గుర్తు రావలసిందే. కానీ గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులను అడిగితే ఇంకో పేరు ముందు చెబుతారు, త్రిభువన్‌దాస్ పటేల్.

అక్కడి పాలన్నీ ఒకే ప్రైవేటు డెయిరీకి పోయేవి. వాళ్లు చెప్పిందే ధర. రైతులు సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ దగ్గర మొరపెట్టుకున్నారు. మీరే సంఘం పెట్టుకోండి అన్నాడాయన. 1946 జనవరిలో సమర్ఖా అనే ఊళ్లో సభ జరిగింది. ఆ డెయిరీకి పాలు పోయం అని రైతులు పట్టుబట్టారు. పదిహేను రోజులు పాలు ఆపారు. ఆ ఏడు డిసెంబరు 14న సంఘం రిజిస్టరయింది. ఊరూరా తిరిగి ఒకటి రెండు గేదెలున్న రైతును కూడా సంఘంలోకి తెచ్చింది త్రిభువన్‌దాస్. ఆయన స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయినవాడు. పాల యంత్రాల సంగతి ఆయనకు తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం బాగా తెలుసు.

1949లో కురియన్ అనే కుర్ర ఇంజనీరు ప్రభుత్వ ఉద్యోగం మీద ఆనంద్ వచ్చాడు. ఆ ఊరు ఆయనకు నచ్చలేదు, ఎప్పుడు వెళ్లిపోదామా అని చూస్తున్నాడు. సంఘం యంత్రాలు పాతవి, మాటిమాటికీ ఆగిపోయేవి. త్రిభువన్‌దాస్ ఆయన్ను బతిమాలి ఉంచుకున్నాడు. కురియన్ తన స్నేహితుడు దలాయాను తెచ్చుకున్నాడు. గేదె పాలతో పొడి చేయడం కుదరదని విదేశాల నిపుణులు అంటుంటే దలాయా చేసి చూపించాడు. 1955లో పాలపొడి కర్మాగారం మొదలైంది. అమూల్ అలా నిలబడింది.

ఇప్పుడు చూడండి. దలాయా చేతిలో పనితనం ఉంది. కురియన్‌కు ఆ పనితనంతో పాటు సంస్థను నడిపే సత్తా కూడా ఉంది. రెండూ ఒకే మనిషిలో దొరకడం అరుదు, కురియన్ అలాంటి అరుదైన మనిషి. కానీ వీళ్లిద్దరికంటే ముందు రైతులను కూడగట్టి, వీళ్లను నిలబెట్టి, వీళ్ల పనికి రాజకీయాలు అడ్డం రాకుండా కాచుకున్నవాడు త్రిభువన్‌దాస్. ఆయన పదవి దిగిపోయేటప్పుడు సభ్యులు తలా ఒక రూపాయి వేసి ఇచ్చారు. దాంతో పల్లెల్లో తల్లీపిల్లల ఆరోగ్యం కోసం సంస్థ పెట్టాడాయన. లక్షల మంది రైతులు తలా ఒక రూపాయి ఇవ్వడమంటే చిన్న సంగతా? అది పనితనానికి కట్టిన కూలి కాదు, నమ్మకానికి పెట్టిన దణ్ణం.

అంత దూరం పోనక్కర్లేదు అంటారా? ముల్కనూరు చూడండి. అప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి హనుమకొండ జిల్లా. 1956లో ఎ.కె.విశ్వనాథరెడ్డి ముందుండి పెట్టిన సహకార సంఘం అది. అప్పు ఇచ్చేదీ, ఎరువు ఇచ్చేదీ, పంట కొనేదీ ఆ సంఘమే. మొదలుపెట్టిన తరం పోయినా సంఘం పోలేదు. మంచి రైతు పోతే ఆయన చేను దిగుబడి ఆయనతో పోతుంది. మంచి నాయకుడు పోయినా ఆయన వేసిన బాట మిగులుతుంది.

ఇప్పుడెందుకు ఈ గోల?

ఎందుకంటే మన చేతుల్లోకి మళ్లీ సంఘాలు వస్తున్నాయి. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. ఆ ఏడు జూన్‌లో జరిగిన ఎన్నికలతో ఉమ్మడి రాష్ట్రంలో పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. అందులో ఎన్ని చివరి భూములకు నీరు తెచ్చాయో, ఎన్ని కాంట్రాక్టు బిల్లులతోనే కాలం గడిపాయో మీ ఊరి సంగతి మీకే తెలుసు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి.

ఇక రైతు ఉత్పత్తిదారుల సంఘాలు. ఎఫ్‌పీఓలు అంటున్నారు. దేశంలో 10 వేల సంఘాలు పెట్టించాలని కేంద్రం 2020లో పథకం తెచ్చింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలని అందులో పెట్టారు. సభ్యుడు కట్టిన వాటాధనానికి సమానంగా మనిషికి 2 వేల దాకా, సంఘానికి మొత్తం 15 లక్షలు మించకుండా ఇస్తామన్నారు. నడిపే ఖర్చుకు మూడేళ్లకు 18 లక్షల దాకా. సీఈవో, అకౌంటెంటు జీతాలు అందులోంచే.

ఈ ఏర్పాటులో ఒక కిటుకు ఉంది, గమనించండి. సీఈవో జీతం తీసుకునే పనిమంతుడు. డైరెక్టర్లు మనం ఎన్నుకునే నాయకులు. చట్టమే రెండు కుర్చీలు వేరువేరుగా వేసింది. మనం ఆ రెంటినీ కలిపేస్తున్నాం. బాగా పండించే రైతును డైరెక్టరు కుర్చీలో కూర్చోబెట్టి లెక్కల కాగితాల మీద సంతకాలు చేయిస్తున్నాం. ఆయన కాగితం చదవడు, సిగ్గుపడి అడగడు. లెక్క ఎక్కడ తప్పిందో తెలిసేసరికి మన వాటాధనం ఉండదు. రెండు వేల రూపాయలు పెద్ద రైతుకు లెక్క కాదు. ఎకరం రైతుకు అది పిల్లవాడి పుస్తకాల డబ్బు.

పని రానివాణ్ని పెట్టమంటారా?

అలా అడగవచ్చు. అడగాలి కూడా. పని బొత్తిగా తెలియనివాడు నాయకుడైతే ఎరువుల కొట్టువాడు చెప్పిందే వేదం, గుమస్తా రాసిందే లెక్క అవుతుంది. నాయకుడికి పని అంతా రానక్కర్లేదు, మంచి పనికీ చెడ్డ పనికీ తేడా తెలిస్తే చాలు. తనకు తెలియనిది తెలిసినవాణ్ని అడిగే సిగ్గులేనితనం ఉండాలి. మా తూము కింద ఎకరం ముప్పావు ఆయనకు ఉన్నది అదే.

అలాగే పనిమంతుణ్ని పక్కన పెట్టమని కూడా నేను అనడం లేదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి పాడుచేయవద్దంటున్నాను. ఆయన చేను దగ్గరకు నెలకోసారి సభ్యులంతా పోయి చూడండి. విత్తనం కొనేముందు ఆయన మాట అడగండి. మిరప కోసి కల్లంలో ఆరబెట్టేటప్పుడు ఆయన్ను పిలవండి. ఆయన మాటను మీటింగు పుస్తకంలో రాయండి. అధ్యక్ష పదవి కంటే అది పెద్ద గౌరవం.

చెయ్యెత్తే ముందు

సోదరులారా, మీ సంఘానికి మనిషిని ఎన్నుకునే ముందు ఈ అయిదు సంగతులు చూసుకోండి.

ఒకటి. ఆయన ఇంటికి ఎలాంటివాళ్లు వస్తున్నారు? పెద్దరైతులేనా, కౌలుదారు, ఒంటరి ఆడమనిషి కూడా ధైర్యంగా గడప తొక్కుతున్నారా?

రెండు. తెలియని సంగతి తెలియదని నలుగురిలో చెప్పగలడా?

మూడు. ఇంతకుముందు చందా పోగుచేసిన పని ఏదైనా చేశాడా? శ్రీరామనవమి పందిరి అయినా సరే. లెక్క అడగకుండానే చెప్పాడా?

నాలుగు. తనకు ఎదురు మాట్లాడినవాణ్ని మళ్లీ మీటింగుకు పిలుస్తాడా?

అయిదు. నష్టం వచ్చినప్పుడు ముందు తన వంతు కోసుకుంటాడా?

ఈ అయిదింటిలో మూడు ఉన్నా చాలు. ఆయన చేలో పదిహేను క్వింటాళ్లే పండినా ఫరవాలేదు, చెయ్యెత్తండి. ఒక్కటీ లేకపోతే నలభై పండించినా వద్దు. ఆయన చేను చూసి నేర్చుకోండి, సంఘం మాత్రం అప్పగించవద్దు.

మా పెద్దాయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. వంతుల లెక్క మారినప్పుడల్లా కుర్రాళ్లు కాగితం పట్టుకుని ఇప్పటికీ ఆయన దగ్గరకే పోతారు. ఆయన అరుగు మీద కూర్చుని గంటలూ నిమిషాలూ చెబుతాడు. "అమలు సంగతి మీరు చూసుకోండయ్యా" అంటాడు. తన పని ఏదో, తనది కానిది ఏదో తెలిసిన మనిషి. అది తెలుసుకోవడానికి ఆయనకు ఒక పంట పోయింది, మాకూ పోయింది.

మీకు పోనక్కర్లేదు. వచ్చే మీటింగుకు ముందు ఒక్కసారి మీ బోదె చివరిదాకా నడిచి రండి. అక్కడి రైతు ఎవరి పేరు చెబుతాడో అడగండి. ఆ తరవాత చెయ్యెత్తండి.